ఎడమవైపు ఆరు గుర్తులు

నేను ఒక నల్లబల్లను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, చుట్టూ టేకు చట్రం. పెద్దాపురంలో ఒక వడ్రంగి నన్ను చేశాడు. బొగ్గుపొడిలో దొండాకు పసరు కలిపి, గుడ్డతో ముప్ఫైసార్లు రుద్ది, ఎండలో నిలబెట్టాడు. ఆ నలుపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మొదట ఒక ఎలిమెంటరీ స్కూల్లో పంతొమ్మిదేళ్లున్నాను. పిల్లలు నన్ను చూస్తే వణికేవారు. లెక్క తప్పు చేసేది వాళ్లు, బెత్తం పట్టుకునేది మాస్టారు. మధ్యలో నేనేం చేశానో నాకు తెలియదు గాని భయమంతా నా మీదే. స్కూలుకి తెల్లబల్లలు వచ్చాక పాత సామానుతో పాటు వేలంలో ఒక కిరాణా కొట్టుకి చేరాను. అక్కడ కొన్నాళ్లు ఉల్లిపాయల ధర మోశాను. ఆ కొట్టూ మూతపడ్డాక కాకినాడలో హాకీ మైదానం గేటుకి ఎదురుగా లాండ్రీ నడిపే పెంకే నాగరత్నం నన్ను రిక్షాలో వేయించుకొచ్చి, షాపు బయటి గోడకి మేకు కొట్టి తగిలించింది.

నాగరత్నానికి అప్పుడు యాభై దాటాయి. జీవితంలో హాకీ కర్ర పట్టుకోలేదు. ఆడవాళ్ల హాకీ లీగు మొదలై 'కాకినాడ కెరటాలు' జట్టు ఆ మైదానాన్ని తన సొంతగడ్డ చేసుకున్నప్పుడు వాళ్ల బట్టలు ఉతికే పని ఈవిడకి వచ్చింది. ఒకమ్మాయి జెర్సీ ప్రతిసారీ భుజం దగ్గరే ఎందుకు చిరుగుతోందో చూద్దామని ఒకరోజు గేటు దాటి లోపలికి వెళ్లింది. గంటన్నర తర్వాత గొంతు పోయి బయటికి వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లలో కాకినాడలో జరిగిన ఒక్క ఆటనీ ఆవిడ వదల్లేదు. గోలు స్తంభాల వెనక మూడో మెట్టు మీద ఆవిడ చోటు. పక్కన ఎవరు కూర్చున్నా మూడో మెట్టు నాగరత్నానిదే.

ప్రతి సోమవారం పొద్దున్నే ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసేలోపు నా మీద రాసేది. ఎడమ సగంలో 'అయిన ఆటలు', కుడి సగంలో 'రాబోయే ఆట'. ఎవరు బాగా ఆడారు, ఎవరు అలిసిపోయి కనిపిస్తున్నారు, ఎదుటి జట్టులో ఎవరితో జాగ్రత్తగా ఉండాలి, అన్నీ పొడుగాటి అక్షరాలతో రాసేది. బొమ్మలు కూడా వేసేది. స్కూలుకి వెళ్లే టీచర్లు, కోర్టు గుమాస్తాలు, ఆటోవాళ్లు ఆగి చదివి, తమకే మొదట తోచినట్టు ఆ మాటల్నే పక్క వీధిలో చెప్పుకునేవారు. ఆటగత్తెలు కూడా చదివేవారు. చదవనట్టు నటిస్తూ చదివేవారు.

ఆ ఏడాది కెరటాలు సెమీఫైనల్‌కి వచ్చారు. బుధవారం సాయంత్రం నాలుగింటికి ఓరుగల్లు శివంగులతో ఆట. సోమవారం నాగరత్నం నా మీద రాయడం మొదలుపెట్టింది. విశాఖ మీద రెండు ఒకటితో గెలుపు. నెల్లూరుతో రెండు రెండు సమం. బెజవాడ మీద మూడు రెండుతో గెలుపు. కరీంనగర్ చేతిలో సున్నా ఒకటితో ఓటమి. నాలుగాటల్లో మనకి పడ్డ గోల్స్ ఆరు. అవి ఎక్కడెక్కడ పడ్డాయో చూపించడానికి కింద గోలు చట్రం గీసి, ఒక్కొక్క ఆటా తలుచుకుంటూ ఇంటూ గుర్తులు పెట్టసాగింది. ఒకటి. రెండు. మూడో గుర్తు పెట్టేటప్పుడు సుద్దముక్క కాస్త తడబడింది. ఆరో గుర్తు పెట్టాక ఆవిడ వెనక్కి జరిగి చూసింది.

ఆరూ ఒకే పక్కన పడ్డాయి. గోల్‌కీపర్‌కి ఎడమవైపు, భుజానికి పైన.

గెలుస్తున్నంతకాలం మనుషులు పడ్డ గోల్స్ ఎక్కడ పడ్డాయో లెక్కపెట్టరు. ఊళ్లో ఎవరికీ తట్టలేదు. ఆవిడ బొమ్మ కింద 'ఆరూ మన గోలీకి ఎడమవైపే. ఎందుకు?' అని రాసింది. రాసి, ఆ ప్రశ్న ముందు తనే నిలబడిపోయింది.

అంతలో దొరబాబు వచ్చాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు, అభిమానుల వాట్సాప్ గ్రూపుకి పెద్ద. ప్రతి సోమవారం నన్ను ఫొటో తీసి గ్రూపులో పెట్టడం అతని అలవాటు. ఆ రోజు కూడా తీసి, బండెక్కి వెళ్లిపోయాడు.

తర్వాత నాగరత్నం జట్టు లాడ్జి నుంచి వచ్చిన మూట విప్పింది. లాండ్రీవాళ్లు నీళ్లలో వేసేముందు జేబులు తడిమి చూస్తారు. ఒకటో నంబరు ట్రాక్ ప్యాంటు జేబులో వేలెడు సీసా దొరికింది. కంట్లో వేసుకునే చుక్కల మందు. సగానికి పైగా అయిపోయింది. ఒకటో నంబరు గోల్‌కీపర్ పైడితల్లిది. భోగాపురం దగ్గర సముద్రపొడ్డు పల్లె నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్ల. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఉతికిన బట్టలు తీసుకెళ్లడానికి మాత్రం తనే వచ్చి, నాగరత్నాన్ని పిన్నీ అని పిలిచి, ఇస్త్రీబల్ల పక్కన కాసేపు కూర్చుని వెళ్లేది.

నాగరత్నం సీసా వంక చూసింది. నా వంక చూసింది. బకెట్లో గుడ్డ ముంచి నన్ను తుడిచేసింది. ఒక్క సుద్దగీత మిగలకుండా తుడిచింది. నీళ్లు నా చట్రం మీంచి నేల మీదికి కారాయి.

తుడిచాక గాని దొరబాబు గుర్తురాలేదు. వెంటనే ఫోన్ చేసి, ఫొటో తీసెయ్యమని అడిగింది. అతను తీసేస్తానన్నాడు. కాసేపటికి తనే ఫోన్ చేశాడు. తీసేశాడట గాని అప్పటికే నూట ఎనభై మంది చూశారట. గ్రూపులో ఓరుగల్లువాళ్లు కూడా నలుగురైదుగురు ఉన్నారని, సరదాగా ఉంటుందని పోయినేడు తనే చేర్చానని నెమ్మదిగా చెప్పాడు. నాగరత్నం ఫోన్ పెట్టేసి, రాజుకున్న బొగ్గుల ముందు ఊరికే కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం శివంగులు ప్రాక్టీసుకి వచ్చారు. బస్సు దిగిన వాళ్లలో ఒక పొడగరి రోడ్డు దాటి మా వైపు వచ్చింది. ఆ పిల్ల భూక్యా మంజుల. పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్ర కొసకి తగిలించుకుని ఈడ్చి విసిరిందంటే గోలులో పడేదాకా కంటికి ఆనదు. లీగు మొత్తంలో అంత బలంగా విసిరేవాళ్లు లేరు. నా ముందు నిలబడి ఖాళీ నలుపుని చూసింది.

"గీడ ఏదో బొమ్మ గీసిన్రంట గదా ఆంటీ. తుడిచేసిన్రా?" అని అడిగింది.

నాగరత్నం తుడిచేశానంది. మంజుల నవ్వి, మంచినీళ్లు అడిగి తాగి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. ఆట ఆడేవాళ్లు ఎక్కడ సందు ఉందో అక్కడ కొడతారు, అంతే. కాని కాసేపటికి మైదానం గోడ అవతలి నుంచి చప్పుడు మొదలైంది. గోలుకి అడ్డంగా నిలబెట్టిన చెక్కకి బంతి తగిలే చప్పుడు. టక్. కొంచెం ఆగి మళ్లీ టక్. నేనూ చెక్కనే. ఎక్కడ తగిలితే ఏ గొంతు పలుకుతుందో నాకు తెలుసు. గంటసేపు ఆ గొంతు మారలేదు. బంతి ప్రతిసారీ ఒకే మూల తగులుతోంది. ఇస్త్రీ చేస్తున్న నాగరత్నం ఆ చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడేది. చివరికి ఒక తెల్లచొక్కా కాల్చేసింది. ముప్ఫైయేళ్లలో ఆవిడ చేతిలో బట్ట కాలడం అదే మొదలట.

సాయంత్రం పైడితల్లి బట్టల కోసం వచ్చింది. నాగరత్నం సీసాని ఇస్త్రీబల్ల మీద పెట్టింది. ఆ పిల్ల దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

తర్వాత ఒక్కొక్క సంగతే చెప్పింది. మూడు వారాల కిందట ప్రాక్టీసులో మంచినీళ్లు తాగడానికి హెల్మెట్ తీసిందట. ఎవరి కర్రకో తగిలి ఎగిరిన బంతి ఎడమ కనుబొమ మీద తగిలింది. వాపు రెండు రోజుల్లో తగ్గింది. వారం పోయాక ఆ కంట్లో నల్లటి చుక్కలు ఎగరడం మొదలైంది. తర్వాత పక్కనుంచి నీడ. మందుల షాపులో అడిగి ఆ చుక్కలు కొనుక్కుంది.

"ఎడంపక్క నల్లతెర దిగినట్టుంటాది పిన్నీ. మొదట కొసనే ఉండీది. ఇపుడు సగానికొచ్చింది," అంది పైడితల్లి. ఏడవలేదు. అంతకంటే భయంగా ఉంది ఆ గొంతు. "బంతి వచ్చీది కనిపించట్నేదు. చప్పుడు విని దూకుతున్నాను."

నాగరత్నం కోచ్‌తో చెప్పమంది. ఆ పిల్ల ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఈ ఒక్క ఆటా, గెలిస్తే ఇంకొక్కటి, అంతేనంది. జాతీయ జట్టుకి ఎంపిక చేసేవాళ్లు బుధవారం వచ్చి చూస్తున్నారని, వేటకెళ్లే తన అన్న కూడా పడవ మానుకుని మొదటిసారి ఆట చూడ్డానికి వస్తున్నాడని చెప్పింది. కన్ను బాగోలేదని తెలిస్తే పేరు పక్కన గీత పడిపోతుందని, గోలీకి ఒకసారి ఆ గీత పడితే మళ్లీ ఎవరూ పిలవరని చెప్పింది.

"సెప్పకు పిన్నీ. నీ కాల్మొక్కుతాను," అంది.

నాగరత్నం చెప్పనని మాటివ్వలేదు. చెబుతానని కూడా అనలేదు. బట్టల మూట కట్టి చేతికిచ్చింది. పిల్ల వెళ్లేటప్పుడు ఎడమవైపు గుమ్మానికి భుజం కొట్టుకుంది. నా గోడ అదిరింది. ఆవిడ అది కూడా చూసింది.

బుధవారం పొద్దున యూనిఫారాల కోసం కంటి ఆసుపత్రి నర్సు వచ్చింది. తెలిసినవాళ్లకి ఇలా ఉందని చెబుతూ నాగరత్నం ఆ నల్లతెర సంగతి అడిగింది. నర్సు చేతిలో మడత చీర అలాగే ఉండిపోయింది. కంటి వెనక పొర ఊడిపోతోందేమోనని, ఇవాళే తీసుకురమ్మని చెప్పింది. రేపటిదాకా ఆగొద్దంది. తలకి చిన్న దెబ్బ తగిలినా ఉన్న చూపు కూడా పోవచ్చట.

అప్పుడు టైము పదిన్నర. ఆటకి ఇంకా అయిదున్నర గంటలుంది. నాగరత్నం షాపులో అటూ ఇటూ తిరిగింది. నాలుగుసార్లు ఫోన్ తీసి నాలుగుసార్లూ లోపల పెట్టేసింది. చాకలిదాని మాట ఎవరు వింటారని ఒకసారి పైకే అంది. తను నోరు విప్పితే ఆ పిల్ల బతుకు పోతుంది. విప్పకపోతే కన్ను పోతుంది. ఆ పిల్ల ఎడమపక్క సంగతి ఎదుటివాళ్ల చెవిన వేసింది కూడా తనే, నా మీద తను గీసిన గీతలే. పన్నెండు దాటాక సుద్దముక్క తీసి, చెరిపేసిన బొమ్మని మళ్లీ గీసింది. గోలు చట్రం గీసి ఎడమవైపు పైన ఆరు గుర్తులు పెట్టింది. ఒక్కో గుర్తు పక్కన అది ఏ ఆటలోదో, ఎన్నో నిమిషమో రాసింది. నన్ను మేకు మీంచి దించి, ఉతికిన దుప్పటి చుట్టి, జెర్సీల మూటతో పాటు తలకెత్తుకుంది. గేటు దగ్గర కాపలావాడు లాండ్రీ మూటే కదాని అడ్డు చెప్పలేదు.

డ్రెస్సింగ్ రూములో కోచ్ రోజ్‌లిన్ మేడం ఒక్కతే ఉంది. నాగరత్నం దుప్పటి తీసి నన్ను బెంచీ మీద నిలబెట్టింది. చెబుదామనుకున్నవన్నీ మర్చిపోయింది. "ఈ బొమ్మ చూడండి మేడం," అని మాత్రం అనగలిగింది.

రోజ్‌లిన్ చూసింది. ఆవిడా ఒకప్పుడు గోలీయే. మొదట చిరాకు, తర్వాత అనుమానం, తర్వాత ముఖంలో రక్తమంతా దిగిపోవడం, ఈ మూడూ నేను చాలా దగ్గర్నుంచి చూశాను. పైడితల్లిని పిలిపించింది. ఆ పిల్ల గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయింది. నాగరత్నం వంక చూసిన ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా చట్రం బిగుసుకుంటుంది.

కోచ్ కుర్చీలో కూర్చోబెట్టి, కుడి కన్ను మూసుకుని ఎదురుగా చూడమంది. తను ఎడమపక్కకి వెళ్లి చెయ్యి ఎత్తింది.

"ఎన్ని వేళ్లు పైడీ?"

"మూడు."

కోచ్ చేతిలో ఒక్క వేలూ లేచి లేదు. పిడికిలి బిగించి ఉంది. పిడికిలి ముఖానికి జానెడు దూరం వచ్చేదాకా ఆ పిల్ల రెప్ప వెయ్యలేదు. నాగరత్నం చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

రెండింటికి ముగ్గురూ ఆటోలో ఉన్నారు. నాలుగోదాన్ని నేను. హడావుడిలో నాగరత్నం నన్ను వదలడం మర్చిపోయింది. కోచ్ ఆసుపత్రిలో పేరు రాయించి ఆట కోసం వెనక్కి వెళ్లింది. పోతూ పోతూ ఈ పిల్ల పేరు తన లిస్టులోంచి ఎక్కడికీ పోదని చెప్పింది. పైడితల్లి విననట్టే కూర్చుంది. డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. తెర చూపు నడిమధ్యకి వెంట్రుకవాసి దూరంలో ఉందని, ఈ సాయంత్రమే ఆపరేషన్ చెయ్యాలని చెప్పింది.

నన్ను వరండాలో గోడకి ఆనించారు. పక్కన బెంచీ మీద పైడితల్లి, నాగరత్నం. ఆ పిల్ల రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. ఆకుపచ్చ గౌను వేసి లోపలికి పిలిచినప్పుడు మాత్రం లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"మత్తు కంటికే ఇస్తారంట పిన్నీ. మెలకువగానే ఉంటానంట. సూది వచ్చీది కనిపిస్తాదా?"

"కనపడదమ్మా," అంది నాగరత్నం. ఆవిడకి ఆ సంగతేమీ తెలియదు. "కనపడదు. నేనిక్కడే ఉంటాను."

తలుపులు మూసుకున్నాయి. నాలుగయ్యింది. మైదానం అక్కడికి రెండు మైళ్లు. అంత దూరం నుంచి జనం అరుపు వినిపించదు గాని, వరండాలో ఎవరి ఫోన్లోనో ఆట నడుస్తోంది. నాగరత్నం లేచి వెళ్లి చూడలేదు. నాలుగేళ్లలో మొదటిసారి కాకినాడలో ఆట జరుగుతుంటే మూడో మెట్టు ఖాళీగా ఉంది. ఫోనున్నతను ఒకసారి అయ్యో అన్నాడు. కాసేపటికి ఇంకోసారి అన్నాడు. మూడోసారి ఫోనే ఆపేశాడు. ఆవిడ మాత్రం మూసిన తలుపుల వంకే చూస్తూ, నా చట్రం అంచుని గోటితో గీకుతూ కూర్చుంది. ఆ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. అంతకుముందు నేను చాలా భయాలు చూశాను. బడిలో ఎక్కాల భయం, కొట్టులో బేరాల భయం. అవన్నీ తుడిస్తే పోయేవి. ఆ గంటన్నరలో ఆవిడ వేళ్ల నుంచి నాలోకి దిగిన భయం అలాంటిది కాదు.

ఆరింటికి పైడితల్లి అన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెల్లెలు లేని ఆటని మైదానంలో కూర్చుని చూడబోయి, సంగతి తెలిసి మధ్యలో లేచొచ్చాడు. ఆసుపత్రి పేరు తెలుసుకునేసరికి ఇంత సేపైంది. నాగరత్నం ముందు నిలబడి ఏదో అనబోయాడు. ఆవిడ ముఖం చూసి, పక్కన కూర్చున్నాడు.

డాక్టరమ్మ బయటికి వచ్చి, పొర అతికించామని చెప్పింది. కంట్లో గాలిబుడగ పెట్టారట. పది రోజులు తల వంచుకుని, బోర్లా పడుకుని ఉండాలట. చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేమంది. వస్తుందని మాత్రం అనలేదు.

కెరటాలు నాలుగు సున్నాతో ఓడిపోయారు. మంజుల మూడు గోల్స్ కొట్టింది. రెండో గోలీ భయపడుతూనే చివరిదాకా నిలబడిందని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాగరత్నం దాకా రాలేదు. ఆట ముందు గోలీని దించేసింది లాండ్రీ నాగరత్నమేనని ఊళ్లో పాకిపోయింది. నన్ను తిరిగి గోడకి తగిలించిన మర్నాడు ఎవరో నా మీద పేడ కొట్టారు. నా మీది మాటల్ని తమ మాటలుగా చెప్పుకున్న పెద్దమనుషులే ఆడదానికి ఆట గురించి ఏం తెలుసని ఆ వీధిలోనే నిలబడి అనుకున్నారు. దొరబాబు ఒక్కడు వచ్చి, బకెట్టు నీళ్లతో నన్ను కడిగి వెళ్లాడు.

జట్టు లాడ్జి ఖాళీ చేసింది. బస్సుల్లో కుదుపు కంటికి మంచిది కాదన్నారు గనక పైడితల్లి భోగాపురం వెళ్లలేదు. షాపు వెనక గదిలో నాగరత్నం మంచం వేసింది. తలవైపు నులక పక్కకి జరిపి, దుప్పట్లు మడతపెట్టి మధ్యలో ముఖానికి సందు చేసింది. ఆ సందులోంచి పిల్లకి నేల తప్ప ఏమీ కనిపించదు. మూడో రోజుకి ఆ పిల్ల తిండి కూడా మానేసింది. చీకటి తెర మళ్లీ దిగుతోందేమోనని గంటకోసారి నాగరత్నాన్ని పిలిచి కట్టు విప్పమనేది. అలా విప్పకూడదని ఆవిడ గంటకోసారి బతిమాలేది.

అప్పుడు నాగరత్నం నన్ను గోడ మీంచి దించి, మంచం కింద వెల్లకిలా పడుకోబెట్టింది. సరిగ్గా ఆ పిల్ల ముఖం కింద. 'అయిన ఆటలు' అని రాసి, ఆ పక్కన 'రాబోయే ఆట: ఫైనల్. ఓరుగల్లు, విశాఖ. ఎవరు గెలుస్తారు?' అని రాసింది. పైనుంచి ఒక నీటిబొట్టు 'విశాఖ' మీద పడి అక్షరాలు కరిగాయి.

"మంజులే గెలుస్తాది," అంది పైడితల్లి. ఆపరేషన్ తర్వాత ఆవిడతో ఆట గురించి మాట్లాడిన మొదటి మాట అదే. "ఆయమ్మి కుడికాలు ముందేసిందంటే పైకి కొడతాది. ఎడంకాలేస్తే కిందికి. రాసుకో పిన్నీ."

నాగరత్నం నేల మీద మోకాళ్లేసి రాసుకుంది.

నెలన్నర గడిచింది. కంట్లో బుడగ కరిగిపోయింది. ఒకరోజు పొద్దున నాగరత్నం నన్ను ఇస్త్రీబల్ల మీద నిలబెట్టి, వచ్చే సీజన్ మొదటి ఆట వివరాలు రాసింది. ఊరు, తేదీ, టైము. పైడితల్లిని ఎదురుగా కూర్చోబెట్టింది. ఆ పిల్ల కుడి కంటిని అరచేత్తో మూసుకుంది. నాగరత్నం ఊపిరి బిగబట్టింది. నాకు బిగబట్టడానికి ఊపిరి లేదు గాని, ఉంటే అదే చేసేదాన్ని.

పైడితల్లి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం తడుముకుంటూ ఊరు పేరు చదివింది. తేదీ చదివింది. అక్కడ ఆగిపోయింది. ఎడమ అంచున, నా చట్రానికి దగ్గరగా, ఇంకో మాట ఉంది, ఆట టైము.

"అక్కడేదో ఉంది పిన్నీ. తెల్లగా ఉందని తెలుస్తంది. అదేటో తెలీట్నేదు."

నాగరత్నం ఆ మాటని తుడిచేసి, ఇంకా పెద్ద అక్షరాలతో మళ్లీ రాసింది. ఆ పిల్ల అరచెయ్యి తియ్యలేదు. తల తిప్పలేదు. కళ్లెదుట ఉన్న నా వంక, కంటికి ఆనని ఆ మాట వంక చూస్తూ కూర్చుంది. రోడ్డు మీద బస్సు వెళ్లింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గు చిటపటలాడింది.

"ఇంకా పెద్దగా రాయి," అంది పైడితల్లి.